సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు ఏ బఫర్? పరీక్షించి ఎంచుకునే పద్ధతి

పేలినప్పుడు వెనక్కి దూసుకొచ్చే బోల్ట్ క్యారియర్‌ను (తూటా వెనక మూసుకునే బోల్ట్‌ను మోసే భాగం) స్టాక్‌లోని ట్యూబ్‌లో స్ప్రింగ్‌తో కలిసి అందుకునే భాగమే బఫర్. దాన్ని మార్చాలనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: దీంతో రికాయిల్, అంటే వెనక్కి తన్నడం, ఎంత తగ్గుతుంది? మొత్తం లెక్కలో చూస్తే అసలు తగ్గదు. బుల్లెట్టూ, దాని వెనకే బ్యారెల్‌లోంచి దూసుకొచ్చే వాయువూ ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతే అంత ద్రవ్యవేగమూ రైఫిల్‌కు వెనక్కి రావాల్సిందే. బఫర్ చేయగలిగిన పని వేరు. ఆ తన్ను భుజానికి ఎప్పుడు చేరాలి, ఎన్ని విడతల్లో చేరాలి, ఒక్కో విడత ఎంత పదునుగా ఉండాలి అన్నది అది మార్చగలదు. ఈ సంగతి పట్టించుకోకుండా కొనడం మొదలుపెడితే పెట్టె నిండా బఫర్లు చేరతాయి గానీ రైఫిల్ మాత్రం ఎప్పటిలాగే తన్నుతుంది.

లెక్క ఒకసారి చూద్దాం. 5.56 తూటాలో 55 గ్రెయిన్ల బుల్లెట్ అంటే సుమారు 3.56 గ్రాములు. అది సెకనుకు 960 మీటర్ల వేగంతో బయటికి పోతోందనుకుంటే బుల్లెట్ ద్రవ్యవేగం వాటా సెకనుకు 3.4 కిలోగ్రాం-మీటర్లు. మందు కాలి పుట్టిన వాయువు వాటా కూడా కలిపితే మొత్తం 5.5 దాకా వస్తుంది. 3.3 కిలోల రైఫిల్ మీద అది సెకనుకు 1.7 మీటర్ల వెనకడుగు. అదే .308 అనే పెద్ద తూటా అయితే ఈ మొత్తం రెట్టింపు దాటుతుంది. బఫర్ బరువు మార్చినా, లోపల నూనె నింపినా, రబ్బరు ముక్క పెట్టినా ఈ అంకెల్లో ఒక్కటీ కదలదు.

మరి తేడా ఎక్కడ తెలుస్తుంది? బ్యారెల్‌లోని వాయువులో కొంత తీసుకుని యంత్రాన్ని తానే నడుపుకునే, అంటే గ్యాస్‌తో నడిచే రైఫిల్ ఒక్క షాట్‌కు భుజాన్ని మూడుసార్లు పలకరిస్తుంది. మొదటిది బుల్లెట్, వాయువు పోయేటప్పుడు వచ్చే తన్ను. ఇదే పెద్దది. బుల్లెట్ బ్యారెల్ దాటడానికి పట్టే సమయం మిల్లీసెకను అటూ ఇటూ. అప్పటికి బోల్ట్ క్యారియర్ ఇంకా సరిగ్గా కదలనే లేదు కాబట్టి బఫర్‌కు ఇందులో పాత్ర లేదు. రెండోది, క్యారియర్ వెనక్కి వచ్చి బఫర్‌తో సహా ట్యూబ్ అడుగుకు గుద్దుకునే దెబ్బ. మూడోది, స్ప్రింగ్ తోసుకుని ముందుకు వెళ్లి బోల్ట్ మూసుకునేటప్పుడు బ్యారెల్ మూతిని కిందికి లాగే కుదుపు. బఫర్ రాజ్యం ఈ రెండు, మూడు విడతల్లోనే. కాబట్టి మీ ఇబ్బంది మొదటి తన్నుతో అయితే మజిల్ బ్రేక్ (బ్యారెల్ మూతికి బిగించి వాయువును పక్కలకు మళ్లించే ముక్క) గురించి ఆలోచించండి. ఏ బఫర్ కన్నా అది ఎక్కువ పని చేస్తుంది. బదులుగా చప్పుడు, పక్కనున్నవాళ్ల మీదికి గాలి దెబ్బ పెరుగుతాయి. స్టాక్ చివర మెత్తటి ప్యాడ్ కూడా భుజానికి హాయినిస్తుంది, రైఫిల్ పనితీరును ఏమీ కదిలించదు.

బరువు బఫర్లు: ముందు చూడాల్సింది ఇవే

ఏఆర్-15 తరహా రైఫిళ్లకు దొరికే బఫర్లలో నా ఓటు ఎప్పుడూ సాదా బరువు బఫర్‌కే. అల్యూమినియం గొట్టం, లోపల అటూ ఇటూ జరిగే లోహపు దిమ్మలు, వాటి మధ్య పలుచటి రబ్బరు బిళ్లలు, చివర ప్లాస్టిక్ బొడిపె, దాన్ని పట్టుకునే చిన్న పిన్ను. అంతకు మించి ఏమీ లేదు. చెడిపోయే భాగం కూడా దాదాపు లేదు.

లోపలి దిమ్మలు ఎందుకు జరగాలి అన్నదాని వెనక చిన్న చరిత్ర ఉంది. మొదటి తరం ఎం16 రైఫిళ్లలో ఎడ్జ్‌వాటర్ అనే వేరే తరహా బఫర్ ఉండేది. తూటాల్లో బాల్ పౌడర్ (గుండ్రటి రేణువుల మందు) వాడటం మొదలయ్యాక రైఫిల్ నడిచే వేగం పెరిగింది, బోల్ట్ క్యారియర్ ముందుకెళ్లి గుద్దుకుని మళ్లీ వెనక్కి ఎగరడం సమస్యగా మారింది. 1966-67 ప్రాంతంలో దాని స్థానంలో జరిగే దిమ్మల బఫర్ వచ్చింది. క్యారియర్ ముందు ఆగిన క్షణంలోనే దిమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి గుద్ది దాన్ని అక్కడే అదిమిపెడతాయి. ఇసుక నింపిన సుత్తి దెబ్బ కొట్టాక పైకి ఎగరదే, ఆ పద్ధతే. బఫర్ చెవి దగ్గర ఊపితే లోపల గలగలమనాలి. చప్పుడు రాకపోతే లోపల ఏదో ఇరుక్కుందని అర్థం.

కార్బైన్ (పొట్టి రైఫిల్) సైజు బఫర్లో మూడు దిమ్మలుంటాయి. మూడూ ఉక్కువైతే మొత్తం బరువు 3 ఔన్సులు, అంటే 85 గ్రాములు. ఒక ఉక్కు దిమ్మ తీసి టంగ్‌స్టన్ దిమ్మ వేస్తే అది హెచ్ బఫర్, 3.8 ఔన్సులు. రెండు వేస్తే హెచ్2, సుమారు 4.6. మూడూ టంగ్‌స్టనైతే హెచ్3, 5.4 ఔన్సుల ప్రాంతం, అంటే 155 గ్రాములు దాకా. తయారీదారును బట్టి ఔన్సులో ఒకటో రెండో పదో వంతులు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి పెట్టె మీద అక్షరాన్ని నమ్మకండి, తూకం వేసి చూడండి. గ్రాముల త్రాసు ఉంటే అర నిమిషం పని. టంగ్‌స్టన్ సాంద్రత ఉక్కు కన్నా రెండింతలు మించి ఉంటుంది, అందుకే అదే సైజులో ఇంత తేడా సాధ్యమవుతోంది. దిమ్మలు విడిగా కూడా దొరుకుతాయి. పిన్ను తీసి దిమ్మలు మార్చుకుంటే ఒకే గొట్టంతో నాలుగు బరువులు పరీక్షించవచ్చు. తిరిగి బిగించాక పిన్ను బయటికి పొడుచుకు రాకుండా చూసుకుంటే చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదనుకుంటాను.

రైఫిల్ పొడవు స్టాక్‌కు వేరే పొడవైన బఫర్ ఉంటుంది, బరువు 5 ఔన్సుల పైన. పొడవైన స్ప్రింగ్, పొడవైన ట్యూబ్, పొడవైన బ్యారెల్ మీద దూరంగా ఉన్న గ్యాస్ పోర్ట్ (క్యారియర్‌ను నడిపే వాయువు బయటికొచ్చే రంధ్రం). ఇవన్నీ కలిసొచ్చి 20 అంగుళాల పాత రైఫిళ్లు మెత్తగా నడుస్తాయి. కార్బైన్ గ్యాస్ పోర్ట్, తూటా కూర్చునే ఛాంబర్‌కు దగ్గరగా ఉంటుంది, అక్కడ ఒత్తిడి చాలా ఎక్కువ, క్యారియర్ విసురుగా వస్తుంది. ఈ రెంటికీ మధ్యలో ఏ5 అనే ఏర్పాటు ఉంది: కార్బైన్ కన్నా కాస్త పొడవైన ట్యూబ్, 4 అంగుళాల బఫర్, రైఫిల్ స్ప్రింగ్. సర్దుకునే స్టాక్ కావాలి, రైఫిల్ స్ప్రింగ్ మెత్తదనమూ కావాలి అనుకునేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. ట్యూబ్, బఫర్, స్ప్రింగ్ మూడూ కలిపి మార్చాలి. ఒక్కటి మాత్రమే మారిస్తే పని చెడుతుంది.

ఇప్పుడు బరువు ఏం చేస్తుందో చూద్దాం. బోల్ట్ క్యారియర్ మొత్తం బరువు 328 గ్రాముల దాకా ఉంటుంది. దానికి 85 గ్రాముల బఫర్ కలిపితే కదిలే బరువు 413 గ్రాములు. 155 గ్రాములది కలిపితే 483. గ్యాస్ తోపు అంతే కాబట్టి వేగం 14-15 శాతం తగ్గుతుంది, చలన శక్తి కూడా సరిగ్గా అంతే తగ్గుతుంది. పైకి ఇది పెద్దగా అనిపించదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. క్యారియర్ వెనక్కి వచ్చేటప్పుడు స్ప్రింగ్ దాని శక్తిలోంచి దాదాపు ఒకే మొత్తాన్ని తినేస్తుంది, బఫర్ బరువు ఎంతైనా సరే. ఆ మొత్తం తీసేశాక మిగిలిందే ట్యూబ్ అడుగుకు తగిలే దెబ్బ. మొత్తంలో 15 శాతం తగ్గితే, స్ప్రింగ్ వాటా పోగా మిగిలే భాగం మూడో వంతు దాకా తగ్గిపోవచ్చు. చిన్న బరువు మార్పు భుజానికి ఎందుకు పెద్దగా తెలుస్తుందో, ఇంకాస్త బరువు వేయగానే రైఫిల్ ఎందుకు ఉన్నట్టుండి ఆగిపోతుందో ఈ ఒక్క లెక్కలో ఉంది. మిగిలేది సున్నా దగ్గరికి వస్తే క్యారియర్ పూర్తిగా వెనక్కి రాదు.

మిగతావి

హైడ్రాలిక్ బఫర్‌లో నూనె సన్న రంధ్రం గుండా నెట్టబడుతుంది. ఎంత వేగంగా నొక్కితే అంత గట్టిగా ఎదురు తిరగడం దాని గుణం. అందుకే చివరి దెబ్బను అణచడంలో దీనికి సాటి లేదు, ముఖ్యంగా .308 లాంటి పెద్ద తూటాల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. బాధలు రెండు. సీలు అరిగితే నూనె కారుతుంది, కారడం మొదలయ్యాక అది అలంకారమే. బాగా చలిలో నూనె చిక్కబడి నడక మారుతుంది. గ్యాస్ సరిగ్గా ఉన్న 5.56 రైఫిల్‌కు హైడ్రాలిక్ బఫర్ వేయడం నా దృష్టిలో డబ్బు దండగ. గ్యాస్ తగ్గించే దారి లేని రైఫిల్‌కు, లేదా రోజంతా వందల కొద్దీ పేల్చే పోటీ షూటర్‌కు అర్థం ఉంది.

క్యాప్చర్డ్ స్ప్రింగ్ అంటే స్ప్రింగ్, కడ్డీ, బరువులు అన్నీ ఒకే కట్టగా వచ్చే ఏర్పాటు. స్ప్రింగ్ ట్యూబ్ గోడలకు రాసుకోదు కాబట్టి చెంప కింద వినిపించే ఆ 'జుయ్' మనే చప్పుడు పోతుంది. నిజం చెప్పాలంటే చాలామందికి నచ్చేది ఆ నిశ్శబ్దమే, రికాయిల్ తగ్గుదల కాదు. చప్పుడు పోతే మనసు "తన్ను కూడా తగ్గింది" అని రాసేసుకుంటుంది. దీని గురించి పరీక్షల దగ్గర మళ్లీ మాట్లాడుకుందాం. చప్పుడు ఒక్కటే బాధైతే స్ప్రింగ్‌కు పలుచగా గ్రీజు రాసి చూడండి, సగం పోతుంది.

ఇక పాలీయురేథేన్ ప్యాడ్‌లు. ఏకే, మినీ-14, ఎం1ఏ లాంటి రైఫిళ్లలో రిసీవర్ (యంత్రభాగాలుండే పెట్టె) వెనక గోడకూ క్యారియర్‌కూ మధ్య పెట్టే మెత్తటి ముక్కలు. చౌక, ఎవరైనా వేసుకోవచ్చు, అందుకే ఎక్కువగా అమ్ముడుపోతాయి. నేను మాత్రం వీటిని చివరి ఎంపికగానే చూస్తాను. ప్యాడ్ ఎంత మందమో క్యారియర్ ప్రయాణం అంత తగ్గుతుంది. ఏకేలో క్యారియర్‌కు అవసరం కన్నా ఎక్కువ వెనక జాగా ఉంది కాబట్టి చాలా వాటిలో నడిచిపోతుంది, కొన్నిట్లో ఖాళీ కేస్ (పేలిన తూటా డొక్క) బయటికి పోక ఇరుక్కుంటుంది, లేదా తర్వాతి తూటాను బోల్ట్ అందుకోలేదు. ఇంకో సంగతి: ఈ ప్యాడ్ పగులుతుంది. పగిలిన ముక్క ట్రిగ్గర్ భాగాల్లో పడితే అంతకు ముందు ఇనుముకు ఇనుము తగులుతున్నప్పుడు లేని సమస్య కొత్తగా వస్తుంది. పాత రైఫిల్ రిసీవర్‌ను కాపాడుకోవాలని వాడేవాళ్లను తప్పుపట్టను. అయితే వాళ్లు ముందు రికాయిల్ స్ప్రింగ్ మార్చి చూడాలి. అలసిపోయిన స్ప్రింగ్ వల్లే ఆ దెబ్బ పెరిగి ఉండే అవకాశం ఎక్కువ.

రోలర్ డిలే పద్ధతిలో నడిచే జీ3 తరహా రైఫిళ్ల లోపల స్టాక్‌లోనే బఫర్ ఉంటుంది. అది పైన తగిలించే సామాను కాదు, యంత్రంలో భాగం. అక్కడ ప్రయోగాలు వద్దు, అరిగితే అదే రకం కొత్తది వేయండి.

9 ఎం.ఎం. కార్బైన్ల విషయం పూర్తిగా వేరు. వాటిలో చాలావరకు సాదా బ్లోబ్యాక్. బోల్ట్ లాక్ కాదు, గ్యాస్ పోర్ట్ ఉండదు, ఛాంబర్ ఒత్తిడి తగ్గేదాకా బోల్ట్‌ను ఆపి ఉంచేది బోల్ట్, బఫర్ల బరువే. అక్కడ బరువు తగ్గించడం అంటే ఒత్తిడి ఇంకా ఉండగానే కేస్ బయటికి రావడం, కేస్ చిట్లడం. కాబట్టి 9 ఎం.ఎం.లో బరువు పెంచే దిశలో మాత్రమే ప్రయోగం చేయండి. 9 ఎం.ఎం. తూటా పొట్టిది, దానికి బోల్ట్ అంత వెనక్కి రానక్కర్లేదు. ఆ అదనపు దూరం నుంచి దూసుకొచ్చి బోల్ట్ క్యాచ్‌ను విరగ్గొడుతుంది. పొడవైన 9 ఎం.ఎం. బఫరో, ట్యూబ్ అడుగున స్పేసరో వేసేది అందుకే.

పొడవు తప్పితే ప్రమాదం

బరువు గురించి అందరూ మాట్లాడతారు, పొడవు గురించి ఎవరూ మాట్లాడరు. నిజానికి రైఫిల్‌ను పాడుచేసేది పొడవే. కార్బైన్ 5.56 బఫర్ పొడవు 3.25 అంగుళాలు. డీపీఎంఎస్ కంపెనీ తరహా .308 రైఫిల్‌కు అదే లోతున్న ట్యూబ్‌లో వేసేది 2.5 అంగుళాల పొట్టి బఫర్. ఈ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. పొట్టిది పొరపాటున 5.56లో పడితే క్యారియర్ ముప్పావు అంగుళం ఎక్కువ వెనక్కి వచ్చి, దాని పైనున్న గ్యాస్ కీ (వాయువును అందుకునే ముక్క) లోయర్ రిసీవర్, అంటే రైఫిల్ కింది పెట్టె, వెనక భాగానికి గుద్దుకుంటుంది. పొడవుది .308లో పడితే క్యారియర్ చాలినంత వెనక్కి రాదు. మళ్లీ ఆర్మలైట్ ఏఆర్-10 కార్బైన్‌లో ట్యూబ్ పొడవు వేరు, అందులో 3.25 అంగుళాల బఫరే సరిపోతుంది. ".308 బఫర్" అన్న పేరుతో ఆర్డర్ పెట్టేసే ముందు మీ ట్యూబ్ లోపలి లోతు కొలవండి. కార్బైన్ ట్యూబ్ లోతు 7 అంగుళాలు, ఏ5ది దాదాపు 7.7.

పేల్చకుండా చేసే తనిఖీ

రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూసుకున్నాకే విప్పాలి. బఫర్ స్ప్రింగ్ ఒత్తిడి మీద ఉంటుంది, రిటైనర్ పిన్ను నొక్కగానే ముందుకు దూకుతుంది. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి.

ముందు స్ప్రింగ్ పొడవు కొలవండి. కార్బైన్ స్ప్రింగ్ విడిగా ఉన్నప్పుడు 10 అంగుళాల కన్నా తక్కువకు కుంచించుకుపోతే దాని పని అయిపోయినట్టే, రైఫిల్ స్ప్రింగ్‌కు ఆ హద్దు 11.75 అంగుళాలు. కొత్త స్ప్రింగ్ వేయకుండా బఫర్లు పరీక్షించడం వృథా. కుంటి స్ప్రింగ్ మీద వచ్చిన ఫలితం కొత్త స్ప్రింగ్ వేశాక తలకిందులవుతుంది.

తర్వాత ప్రయాణం. రైఫిల్‌ను తిరిగి బిగించాక ఖాళీ మ్యాగజైన్ పెట్టి ఛార్జింగ్ హ్యాండిల్ పూర్తిగా లాగండి. బోల్ట్ క్యాచ్ బోల్ట్‌ను పట్టుకుంటుంది. ఇప్పుడు హ్యాండిల్‌ను ఇంకా వెనక్కి లాగి చూడండి: బోల్ట్ ముఖానికీ క్యాచ్‌కూ మధ్య కొంత ఆట కనబడాలి. ఆట లేకుండా బిగుతుగా ఉంటే కొత్త బఫరో ప్యాడో జాగా తినేసింది. మురికి పట్టాక, తూటా కాస్త బలహీనంగా ఉన్నప్పుడు ఇలాంటిది పట్టుకోవడం మానేస్తుంది. ప్యాడ్ వేసేవాళ్లకు ఇది తప్పనిసరి తనిఖీ. ప్యాడ్ లేకుండా ఒకసారి, వేశాక ఒకసారి చూసి తేడా రాసుకోండి.

రేంజ్‌లో

నమ్మకం ముందు, మెత్తదనం తర్వాత. ఈ వరుస తప్పకండి. మెత్తగా ఉంది కదా అని సంబరపడి, మూడోనాడు జామ్ అయ్యే రైఫిల్‌తో మిగలడం ఎవరికీ అక్కర్లేదు.

మార్పు చేసిన రైఫిల్‌లో మొదట ఒక్క తూటా మాత్రమే పెట్టండి. పేల్చండి, బోల్ట్ వెనక ఆగిందా చూడండి. తర్వాత రెండు పెట్టండి, తర్వాత మూడు. నిండు మ్యాగజైన్ చివరి మాట. ట్రిగ్గర్ ఒక్క నొక్కుకు ఒకటి కన్నా ఎక్కువ పేలినా, బోల్ట్ పూర్తిగా మూసుకోకపోయినా అక్కడే ఆపి తుపాకీ మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లండి, సొంతంగా సర్దడానికి కూర్చోవద్దు.

ఒక్క తూటా పరీక్ష వినడానికి చిన్నదే గానీ నాకు తెలిసిన అన్ని పరీక్షల్లో ఎక్కువ సమాచారం ఇచ్చేది ఇదే. మ్యాగజైన్‌లో ఒక్కటి పెట్టి, పేల్చి, బోల్ట్ వెనక లాక్ అయిందో లేదో రాసుకోవడం. దీన్ని ఒక్కో బఫర్‌తో పదిసార్లు చేయండి, అదీ మీరు వాడేవాటిలో అన్నిటికన్నా బలహీనమైన తూటాతో. పదికి పది లాక్ అయితే ఆ బరువు మీ రైఫిల్ మోయగలదు. ఎనిమిది, తొమ్మిది వస్తే అది "దాదాపు సరిపోయింది" కాదు, బరువు ఎక్కువైంది. ఆ తర్వాత రైఫిల్‌ను భుజానికి వదులుగా ఆనించి, ఒక చేత్తో కాస్త ఢీలాగా పట్టుకుని ఇంకో ఐదు. వెనక గట్టి ఆసరా లేనప్పుడు రైఫిల్ మొత్తం వెనక్కి జరుగుతుంది, క్యారియర్‌కు అందే తోపు తగ్గుతుంది. అంచున నిలబడ్డ ఏర్పాటు ఇక్కడే బయటపడుతుంది. ఇవే పరీక్షలు రైఫిల్ శుభ్రంగా ఉన్నప్పుడు ఒకసారి, రెండు మూడు వందల తూటాలు పేల్చి మసిపట్టాక ఇంకోసారి చేయాలి. సప్రెసర్ (మూతికి బిగించి చప్పుడు తగ్గించే గొట్టం) వాడేవాళ్లు పెట్టి, తీసి, రెండు విధాలా చూడాలి. సప్రెసర్ గ్యాస్‌ను వెనక్కి తోసి క్యారియర్‌ను వేగవంతం చేస్తుంది, అది ఉన్నప్పుడు హాయిగా నడిచిన హెచ్3, తీసేయగానే మొరాయించవచ్చు.

ఖాళీ కేసులు ఎక్కడ పడుతున్నాయో చూడటం పాత పద్ధతి. మూతి వైపు 12 గంటలు అనుకుంటే 3 నుంచి 4:30 మధ్య పడితే మంచిది, 1-2 వైపు ముందుకు ఎగిరితే క్యారియర్ మరీ విసురుగా వస్తోంది, 5 దాటి వెనక పడితే బరువు ఎక్కువ లేదా గ్యాస్ తక్కువ. సూచనగా బాగుంటుంది, తీర్పుగా కాదు. ఎజెక్టర్ (కేస్‌ను బయటికి విసిరే ముక్క) స్ప్రింగ్, తూటా రకం, కేస్ తగిలే డిఫ్లెక్టర్ ఆకారం అన్నీ ఈ దిశను మారుస్తాయి. దీనికి తోడు కేస్ అంచుల్ని చూడండి. కేస్‌ను లాగే కొక్కెం, అంటే ఎక్‌స్ట్రాక్టర్, పీకిన చోట అంచు వంగిపోయి ఉంటే రైఫిల్‌లో గ్యాస్ నిజంగానే ఎక్కువ.

మెత్తదనం కొలవడంలో మనం మనల్నే మోసం చేసుకోవడం చాలా తేలిక. కొత్తది, ఖరీదైనది అని తెలిసి పేల్చితే అది తప్పకుండా మెత్తగా ఉంటుంది. కాబట్టి బఫర్ మార్చేది వేరొకరై ఉండాలి, పేల్చేవాడికి ఏది వేశారో చెప్పకూడదు, కొన్నిసార్లు అసలు మార్చకుండానే మార్చినట్టు చేయాలి. చెవులు గట్టిగా మూసుకోండి, ప్లగ్గులూ మఫ్‌లూ రెండూ. స్ప్రింగ్ చప్పుడు వినబడితే ఈ పరీక్ష అంతా చప్పుడు మీద తీర్పవుతుంది. హెచ్, హెచ్2ల మధ్య తేడా ఇలా చూడకుండా చెప్పగలిగేవాళ్లు తక్కువమంది. మామూలు కార్బైన్ బఫర్‌కూ హెచ్3కూ మధ్య తేడా అయితే చాలామందికి తెలుస్తుంది.

కంటికి కనబడే సాక్ష్యం కావాలంటే ఫోన్ చాలు. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో ఒక్కో ఫ్రేముకు 4 మిల్లీసెకన్లు. నిమిషానికి 800 తూటాల వేగానికి సమానంగా నడిచే క్యారియర్ ఒక చుట్టు పూర్తి చేయడానికి 75 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అంటే 18 ఫ్రేములు. వెనక గళ్ల కాగితం పెట్టి, ఫోన్‌ను పక్కగా స్టాండు మీద నిలిపి, మూతి ఎంత పైకి లేచిందో, తిరిగి వచ్చేటప్పుడు మొదటి గీత కన్నా ఎంత కిందికి దిగిందో లెక్కించండి. ఆ కిందికి దిగడమే అందరూ మర్చిపోయే మూడో విడత. బరువైన బఫర్ మీద వెనక దెబ్బ తగ్గి, మూతి మునక పెరగడం మామూలే. గురి మళ్లీ లక్ష్యం మీదికి రావడానికి పట్టే సమయం ఈ రెండూ కలిసినదే కదా.

ఆఖరున కాగితం లక్ష్యం. పది మీటర్ల దూరంలో, షాట్ టైమర్ పెట్టుకుని ఒకే లయలో ఐదు షాట్లు, ఇలా ఒక్కో బఫర్‌తో కనీసం ఐదు సార్లు. నిలువు వ్యాప్తి కొలవండి. అడ్డ వ్యాప్తి ట్రిగ్గర్ వేలిది, దాన్ని బఫర్ మీద తోయకండి. లయ మారితే పోలిక చెల్లదు, అలసట కూడా ఫలితాన్ని మారుస్తుంది కాబట్టి మొదటి బఫర్‌ను చివర మళ్లీ ఒకసారి పరీక్షించండి.

గ్యాస్ తగ్గించే దారి

బరువు పెంచడానికి ఎదురు సిద్ధాంతం ఒకటుంది, పోటీ షూటర్లకు అదే ఇష్టం. సర్దుబాటు గ్యాస్ బ్లాక్ (గ్యాస్ పోర్ట్ మీద కూర్చుని క్యారియర్‌కు వెళ్లే వాయువును తగ్గించే, పెంచే ముక్క) వేసి తోపును మూలంలోనే తగ్గించడం, తేలికైన క్యారియర్, తేలికైన బఫర్ వాడటం. కదిలే బరువే తక్కువ కాబట్టి వెనక దెబ్బా తగ్గుతుంది, ముందు మునకా తగ్గుతుంది. కాగితం మీద ఇదే గెలుస్తుంది, వీడియోలో కూడా. లోపం ఏంటంటే మసి పడితే, చలి పడితే, తూటా బ్రాండ్ మారితే ఇది అందరికన్నా ముందు ఆగిపోతుంది. తేలిక క్యారియర్‌కు మురికిని నెట్టుకుపోయే జడత్వం ఉండదు.

సర్దుబాటు చేసే విధానం ఎఫ్ఏఎల్ రైఫిల్ వాడినవాళ్లకు కొత్త కాదు. గ్యాస్ బాగా తగ్గించి మొదలుపెట్టి, ఒక్కో తూటా వేస్తూ బోల్ట్ వెనక లాక్ అయ్యేదాకా కొంచెం కొంచెంగా పెంచి, లాక్ అయిన చోట నుంచి ఇంకో రెండు క్లిక్కులు అదనంగా ఇవ్వాలి. ఆ రెండు క్లిక్కులు మసికి, చలికి, బలహీన తూటాకు ఇచ్చే జాగా. గ్యాస్ బ్లాక్ ఉన్నవాళ్లు ముందు ఇది చేసి, ఆ తర్వాతే బఫర్ గురించి ఆలోచించాలి.

ఎవరికి ఏది

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 16 అంగుళాల కార్బైన్, మామూలు తూటాలు, సర్దుబాటు గ్యాస్ లేదు: హెచ్‌తో మొదలుపెట్టి హెచ్2 పదికి పది లాక్ అయితే అక్కడ ఆగండి. అంతకు మించి వెతకనక్కర్లేదు. సప్రెసర్ ఎప్పుడూ తీయనివాళ్లు హెచ్3 చూడొచ్చు, అరుదుగా పెట్టేవాళ్లు హెచ్2 దాటకపోవడం మంచిది. 20 అంగుళాల రైఫిల్ స్టాక్ ఉన్నవాళ్లు బఫర్ ముట్టుకోవద్దు, స్ప్రింగ్ మాత్రం చూసుకోండి. పోటీల్లో వేగం కోసమే అయితే గ్యాస్ బ్లాక్, తేలిక క్యారియర్ దారి, రైఫిల్‌ను తరచూ శుభ్రం చేసే ఓపిక ఉంటేనే. .308 వాళ్లు ముందు ట్యూబ్ లోతు కొలిచి, సరైన పొడవు బఫర్‌తో నడిచాక, గ్యాస్ సర్దినా భుజం ఇంకా ఒప్పుకోకపోతే హైడ్రాలిక్‌కు వెళ్లండి. హైడ్రాలిక్ వేసినవాళ్లు విప్పినప్పుడల్లా ట్యూబ్‌లో నూనె తడి ఉందేమో వేలితో తుడిచి చూడాలి. ఏకే వాళ్లు కొత్త రికాయిల్ స్ప్రింగ్ వేసి వదిలేస్తే సరి. ప్యాడ్ వేసే తీరుతాం అంటే రెండు వందల తూటాలకోసారి పై కవర్ తీసి పగుళ్లు చూడండి, మొదటి పగులు కనబడగానే పారేయండి. 9 ఎం.ఎం. కార్బైన్‌కు తయారీదారు చెప్పిన బరువు కన్నా ఒక్క గ్రాము కూడా తగ్గించకండి.

తయారీదారు పుస్తకంలో "వేరే బఫర్ వాడితే వారంటీ వర్తించదు" అని ఉండొచ్చు, కొన్ని చోట్ల రైఫిల్ భాగాల మార్పు మీద చట్టపరమైన పరిమితులూ ఉండొచ్చు. పెట్టె తెరవక ముందే ఆ రెండూ చదివేయండి. పాత బఫర్‌ను, స్ప్రింగ్‌ను మాత్రం ఒక సంచిలో పేరు రాసి దాచుకోండి, తేడా వచ్చినప్పుడు మొదట వేసి చూడాల్సింది వాటినే.